ఇంటి అక్వేరియానికి ఫిల్టర్: కొనే ముందు లెక్క, అమర్చే క్రమం, శుభ్రం చేసే పద్ధతి

"రెండడుగుల ట్యాంకు కొన్నాం, ఏ ఫిల్టర్ పెట్టమంటారు?" అని అడిగిన ప్రతి ఒక్కరినీ నేను ఎదురు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ చేపలు? ఏ నీళ్లు? కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఎవరైనా ఉంటారా? ట్యాంకు కొలత నాలుగో ప్రశ్న. చాలామంది ఆ నాలుగోదానితోనే దుకాణానికి వెళ్తారు. అట్ట పెట్టె మీద రాసిన అంకె చూసి కొంటారు, నెల తిరక్కుండా చేపలు చచ్చిపోతే నీళ్లను తిడతారు.

నీటిని అద్దంలా ఉంచడం ఫిల్టర్‌కు రెండో పని. చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాను తినే బ్యాక్టీరియాకు ఇల్లు ఇవ్వడం మొదటి పని. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

1. ముందు టేపు తీయండి: నీళ్లు ఎన్ని లీటర్లు?

మన దుకాణాల్లో ట్యాంకును అడుగుల్లో చెబుతారు, ఫిల్టర్‌ను లీటర్లలో అమ్ముతారు. అందుకే ఈ మార్పిడి మీరే చేసుకోవాలి.

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న ట్యాంకు రెండున్నర ఘనపుటడుగులు, అంటే 70 లీటర్లు. అడుగున పోసే గులకరాళ్లకు, పైన వదిలే ఖాళీకి పదిహేను శాతం తీసేయండి. మిగిలే 60 లీటర్లే మీ అసలు లెక్క.

2. చేపల జాబితా రాయండి

ఫిల్టర్ మీద పడే భారం చేపల సంఖ్యను బట్టి కాక, అవి తినేదాన్ని బట్టి ఉంటుంది. అదే 60 లీటర్లలో పది నియాన్ టెట్రాలు చేసే మురికి, రెండు గోల్డ్ ఫిష్‌లు చేసే మురికి ఒకటి కావు. గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయం (పొట్ట సంచి) లేదు. తిన్నది పేగులోకి నేరుగా పోతుంది, విసర్జన ఎక్కువ. అసలు అవి పెరిగాక 60 లీటర్లు వాటికి చాలవు. అది వేరే సంగతి, కానీ కొనే ముందే తెలిసి ఉండటం మంచిది.

గంటకు ఫిల్టర్ ఎన్ని లీటర్లు తిప్పాలన్నది ఇలా వేసుకోండి:

- ఫైటర్ చేప, గప్పీ పిల్లలు, రొయ్యలు: నీటికి రెండు మూడు రెట్లు
- గప్పీ, మోలీ, టెట్రా, గౌరామి, ఏంజెల్: నాలుగు నుంచి ఆరు రెట్లు
- గోల్డ్ ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్: ఎనిమిది నుంచి పది రెట్లు

ఫైటర్ చేపకు ఫిల్టరే అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. కొరమీను లాగే అది కూడా పైకి వచ్చి గాలి పీల్చుకోగలదన్నది నిజమే. కానీ గాలి పీల్చే చేప కూడా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. దానికి ఫిల్టర్ కావాలి, వరద మాత్రం వద్దు.

3. మీ ఇంటి నీళ్లు ఏవో తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఒకే అపార్టుమెంటులో మూడు రకాల నీళ్లు ఉంటాయి. సంపులోకి వచ్చే మంజీరా, కృష్ణా లేదా గోదావరి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు. సంపులో ఇవన్నీ కలిసి పోవడమూ మామూలే. వాచ్‌మన్‌ను అడిగితే ఏ రోజు ఏవి వదులుతారో చెబుతాడు. చేపల కోసం అడుగుతున్నానంటే మొదట నవ్వుతాడు, అంతే.

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. బకెట్‌లో ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదా క్లోరిన్ విరుగుడు మందు సీసా మీద చెప్పిన మోతాదులో కలపండి.

బోరు నీళ్లు చాలా ప్రాంతాల్లో ఉప్పు నీళ్లే. స్నానాల గదిలో కుళాయి మీద తెల్లటి పొర కడుతోందంటే ఆ సున్నం ఫిల్టర్ మోటారు మీదా కడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇలాంటి నీళ్లలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) తరచూ ఎక్కువగా ఉంటుంది. అది 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అంటే మే నెలలో బోరు నీళ్ల ట్యాంకుకు పొరపాటు చేసే వెసులుబాటు చాలా తక్కువ. ఇలాంటి ఇంట్లో ఫిల్టర్‌లో బ్యాక్టీరియాకు చోటు ఎంత ఉందన్నదే మొదట చూడాలి.

ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే పోసి ట్యాంకు నింపకండి. వాటిలో ఖనిజాలు ఉండవు, కొన్నాళ్లకు పీహెచ్ జారిపోతుంది, బ్యాక్టీరియా పని మందగిస్తుంది. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు మరీ వద్దు. ఉప్పంతా వాటిలోకే చేరుతుంది. ఆర్‌ఓ నీళ్లకు ఒక మంచి ఉపయోగం ఉంది. ఎండాకాలంలో ఆవిరై తగ్గిన మట్టాన్ని వాటితో నింపండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. తగ్గిన ప్రతిసారీ మళ్లీ బోరు నీళ్లు పోస్తూ పోతే ట్యాంకు నెలనెలా ఉప్పుదేలుతుంది.

4. ఫిల్టర్ రకాలు: ఎవరికి ఏది

ముందు ఒక అపోహ. దుకాణాల్లో ఆక్సిజన్ మోటారు అని ఇచ్చేది గాలి పంపు. దాని గొట్టానికి సన్నటి కన్నాలున్న రాయి తగిలిస్తే బుడగలు వస్తాయి, నీరు శుభ్రం కాదు. అదే గొట్టాన్ని స్పాంజ్ ఫిల్టర్‌కు తగిలిస్తే అప్పుడది ఫిల్టర్ అవుతుంది.

స్పాంజ్ ఫిల్టర్. కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. గాలి బుడగలు పైకి పోతూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. బ్యాక్టీరియాకు ఆ స్పాంజంతా ఇల్లే. ప్రవాహం మెత్తగా ఉంటుంది, పిల్ల చేపలను లోపలికి లాగదు, సున్నం పట్టే మోటారు చక్రం లేదు, కరెంటు ఖర్చు నామమాత్రం. పాడైతే మార్చాల్సింది గాలి పంపు లోపలి రబ్బరు ముక్క మాత్రమే. లోపాలూ ఉన్నాయి. గాలి పంపు గుర్‌మంటుంది, పడకగదిలో పెడితే నాలుగో రోజు దుప్పటి కప్పాలనిపిస్తుంది. సన్నటి మురికిని అంతగా పట్టదు. అరవై లీటర్ల లోపు, చిన్న చేపలు ఉంటే దీన్ని మించింది లేదు.

ఇంటర్నల్ ఫిల్టర్. నీటిలో మునిగి ఉండే మోటారు, దాని కింద చిన్న స్పాంజి డబ్బా. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. నీటిని బాగా తిప్పుతుంది, తేలే మురికిని లాగుతుంది. కానీ డబ్బా గుప్పెడంత ఉంటుంది, బ్యాక్టీరియాకు చోటు తక్కువ. దీన్ని ఒంటరిగా నమ్ముకోకండి. స్పాంజ్ ఫిల్టర్‌కు తోడుగా పెడితే ఇద్దరూ కలిసి బాగా కాపురం చేస్తారు.

వెనక తగిలించే ఫిల్టర్. హ్యాంగాన్ అంటారు. ట్యాంకు అంచుకు వేలాడుతుంది, నీటిని పైకి లాగి జలపాతంలా వదులుతుంది. చెయ్యి తడవకుండా శుభ్రం చేయవచ్చు. లోపల సిరామిక్ రింగులు (బ్యాక్టీరియా చేరడానికి సన్నటి కన్నాలున్నవి) నింపుకొనే చోటు ఉన్న రకమే తీసుకోండి. ఒక్క పలుచటి అట్టలాంటి కార్ట్రిడ్జ్ మాత్రమే పట్టే రకం వద్దు. ట్యాంకు అద్దం మూత వెనక అంచు దాకా ఉంటే ఇది కూర్చోదు, ముందే చూసుకోండి. ఎండాకాలంలో మట్టం రెండు అంగుళాలు తగ్గినా కొన్ని రకాలు కరెంటు పోయి వచ్చాక నీరు లాగలేక వట్టిగా తిరిగి కాలిపోతాయి.

టాప్ ఫిల్టర్. ట్యాంకు మీద పొడవాటి పెట్టె, అందులో ఫిల్టర్ దూది, రింగులు. ధర తక్కువ, చోటు ఎక్కువ. గోల్డ్ ఫిష్ పెట్టేవాళ్లు దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అందమే తక్కువ.

కానిస్టర్. ట్యాంకు కింద బల్లలో పెట్టే పెద్ద డబ్బా. మూడడుగులు దాటిన ట్యాంకులకు, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద ప్రాణాలకు ఇదే సరైనది. చప్పుడు ఉండదు, లీటర్ల కొద్దీ రింగులు పడతాయి. రెండడుగుల ట్యాంకుకు కొనడం పెళ్లి గుండిగలో ఇద్దరికి అన్నం వండటమే.

గులకరాళ్ల కింద పరిచే పళ్లెం ఫిల్టర్ గురించి ఒక్క మాట: వద్దు. పని చేయదని కాదు, మురికంతా రాళ్ల కిందకు చేరుతుంది, శుభ్రం చేయాలంటే ట్యాంకును మొత్తం విప్పాలి.

5. పెట్టె మీది అంకెను సగానికి దించండి

పెట్టె మీద గంటకు 600 లీటర్లు అని ఉంటే, అది లోపల స్పాంజి లేకుండా, నీటిని ఎత్తకుండా తిరిగే మోటారు లెక్క. రింగులు, దూది నింపి కొన్నాళ్లు వాడాక సగం, సగానికి కాస్త పైన మాత్రమే వస్తుంది.

మన 60 లీటర్ల ట్యాంకులో గప్పీలు, మోలీలు ఉన్నాయనుకుందాం. ఐదు రెట్లు అంటే గంటకు 300 లీటర్లు నిజంగా తిరగాలి. కాబట్టి 500 నుంచి 600 రాసి ఉన్నది కొనండి. ప్రవాహం తగ్గించే మీట ఉంటే ఇంకా మంచిది.

నిజంగా ఎంత వస్తోందో ఇంట్లోనే కొలవవచ్చు. ఫిల్టర్ నీరు వదిలే చోట చిన్న గొట్టం తగిలించి ఒక లీటరు మగ్గు నింపండి. ఎన్ని సెకన్లు పట్టిందో దానితో 3,600ను భాగించండి. పన్నెండు సెకన్లు పడితే గంటకు 300 లీటర్లు.

6. దుకాణంలో చూడాల్సినవి

- స్పాంజి, రింగులు విడిగా దొరుకుతాయా? ఆ కంపెనీ కార్ట్రిడ్జ్ మాత్రమే పట్టేదైతే వదిలేయండి
- లోపల తిరిగే చక్రం, దాని ఇరుసు విడి భాగాలుగా అమ్ముతారా
- వైరు పొడవు మీ ప్లగ్గు దాకా చేరుతుందా
- మోటారు ఎన్ని వాట్లు? పది వాట్లది నెలంతా తిరిగితే ఏడు యూనిట్ల చిల్లర
- బకెట్ నీళ్లలో పెట్టి ఆడించి చూపించారా, చప్పుడు ఎంత
- గాలి పంపుతో పాటు వెనక్కి నీరు రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఇచ్చారా

కార్బన్ సంచి తప్పనిసరి అంటే తల ఊపి ఊరుకోండి. మందు వేశాక మిగిలిన మందును, నీటికి పట్టిన రంగును లాగడానికి అది పనికొస్తుంది. మిగతా రోజుల్లో ఆ చోటులో రింగులు నింపుకోండి.

7. అమర్చే క్రమం

(1) రింగులను, స్పాంజిని సబ్బు లేకుండా నీళ్లతో కడగండి. కొత్త రింగుల పొడి పోయేదాకా కడగాలి.

(2) నీరు వచ్చే దారిలో ముందు గరుకు స్పాంజి, తర్వాత మెత్తటి దూది, చివర రింగులు. ఈ వరుస తిరగబడితే రింగుల కన్నాల్లో మురికి పేరుకుపోతుంది, బ్యాక్టీరియాకు ఊపిరాడదు.

(3) ఫిల్టర్‌ను ట్యాంకులో ఒక మూల పెట్టి, నీరు పొడవు వెంట పారేలా తిప్పండి. వదిలే ముక్కు నీటి పైభాగాన్ని కదిలించాలి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల దగ్గర 7కు కాస్త పైన మాత్రమే. మన ఎండలకు పైభాగం కదలడమే చేపలకు ఊపిరి.

(4) గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కుదరకపోతే చెక్ వాల్వ్ తగిలించండి. లేకపోతే కరెంటు పోయిన రాత్రి ట్యాంకు నీరు గొట్టం వెంట దిగి పంపులోకి, అక్కడి నుంచి మీ నేల మీదకు వస్తుంది.

(5) ప్లగ్గుకు వెళ్లే వైరును ప్లగ్గు కంటే కిందకు ఒక వంపు వేలాడనివ్వండి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర పడిపోతుంది, ప్లగ్గులోకి చేరదు. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపితే చాలదు.

(6) ఒక రోజంతా చేపలు లేకుండా తిప్పి, ఎక్కడైనా నీరు కారుతోందేమో చూడండి.

8. చేపలకు ముందు బ్యాక్టీరియా

ఇక్కడే ఎక్కువ ట్యాంకులు దెబ్బతింటాయి. కొత్త ఫిల్టర్ ఖాళీ ఇల్లు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, ఆ నైట్రైట్‌ను తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మార్చేది మరొకటి. ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెరుగు తోడుకోవడం లాంటిదే ఇది. తోడు వేయాలి, కదపకుండా వదలాలి.

చేపలు లేని ట్యాంకులో రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు స్నేహితుడి ఇంట్లో ఉంటే, ఆ ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. తడిగా, ట్యాంకు నీళ్లలోనే తేవాలి. ఉప్పల్ నుంచి మియాపూర్‌కు ఎండలో మూడు గంటలు తిప్పి తెస్తే తోడు విరిగిపోతుంది. ఇలాంటి తోడుతో వారాలు తగ్గుతాయి.

చుక్కల మందుతో పరీక్షించే కిట్ ఒకటి కొనుక్కోండి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. మేత వేస్తున్నా రెండూ వరుసగా సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తే ఇల్లు సిద్ధం. అప్పుడు సగం నీరు మార్చి మూడు నాలుగు చిన్న చేపలతో మొదలుపెట్టండి. మిగతావి రెండు వారాల తేడాతో.

చేపలు ఇప్పటికే వేసేశారా? అయితే రోజు విడిచి రోజు, అదీ కొద్దిగానే మేత వేయండి. రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండింట్లో ఏది కనిపించినా క్లోరిన్ తీసిన నీటితో నాలుగో వంతు మార్చండి.

9. శుభ్రం చేయడం: ఎంత తక్కువ కడిగితే అంత మంచిది

ఒక సంక్రాంతికి ఊరికి బయలుదేరుతూ, ఇల్లంతా సర్దినట్టే ఫిల్టర్‌ను కూడా కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేలా కడిగాను. వెళ్లేటప్పుడు పిడికెడు మేత ఎక్కువ వేశాను. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి ఐదు మోలీలు తేలుతున్నాయి. క్లోరిన్ నీళ్లు బ్యాక్టీరియాను చంపాయి, ఎక్కువైన మేత అమ్మోనియా అయింది. రెండు తప్పులూ నావే. పెద్ద చేపలు నాలుగైదు రోజులు తిండి లేకుండా హాయిగా ఉండగలవని అప్పటికి నాకు తెలియదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది:

- వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి
- తీసిన ట్యాంకు నీటిని బకెట్‌లో పట్టి, స్పాంజిని అందులోనే రెండు మూడు సార్లు పిండాలి. గోధుమ రంగు ఉండగానే ఆపాలి
- ఇది రెండు నుంచి నాలుగు వారాలకోసారి, లేదా ప్రవాహం తగ్గినప్పుడు
- దూది నలిగితే మార్చవచ్చు, కానీ అదే వారం స్పాంజినీ రింగులనూ ముట్టుకోకూడదు
- రింగులు ఎప్పుడూ పారేయనక్కర్లేదు. మురికి పేరుకుంటే ట్యాంకు నీటిలో ఊపితే చాలు
- రెండు నెలలకోసారి మోటారు చక్రం బయటికి తీసి, సున్నం కట్టి ఉంటే నిమ్మరసం కలిపిన నీటిలోనో వెనిగర్‌లోనో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెట్టాలి

10. కరెంటు పోతే

గంటా రెండు గంటలకు భయం లేదు. మేత వేయకండి, అంతే. అంతకు మించితే బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును స్పాంజ్ ఫిల్టర్‌కు తగిలించండి. ఇన్వర్టర్ ఉంటే ఫిల్టర్‌ను దాని మీదకు మార్చండి, అది తినేది ఒక చిన్న బల్బు అంతే. ఏదీ లేకపోతే మగ్గుతో నీరు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి.

కానిస్టర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకం: మూసిన డబ్బాలో నీరు నాలుగైదు గంటలు ఆగితే ఆక్సిజన్ అయిపోయి లోపల కుళ్లడం మొదలవుతుంది. కరెంటు రాగానే అది ట్యాంకులోకి దిగుతుంది. డబ్బా విప్పి ఆ నీరు పారబోసి, రింగులను ట్యాంకు నీటితో ఒకసారి కడిగి అప్పుడు ఆన్ చేయండి.

రాత్రి పూట బిల్లు కోసమో చప్పుడు కోసమో ఫిల్టర్ ఆపే అలవాటు ఉంటే మానండి. బ్యాక్టీరియాకు రాత్రి సెలవు లేదు.

11. ఇలా అయితే ఏం చేయాలి

కొత్త ట్యాంకు నీరు పాలలా తెల్లబడింది. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇలా అవుతుంది. మేత తగ్గించి, ఫిల్టర్ ముట్టుకోకుండా వారం ఆగండి. మందులు పోయకండి.

నీరు పచ్చబడింది. అది సన్నటి నాచు, స్పాంజిలో ఆగదు. బాల్కనీ ఎండ ట్యాంకు మీద పడుతోందేమో చూడండి. లైటు రోజుకు ఆరు గంటలకు తగ్గించండి. అప్పటికీ పోకపోతే యూవీ దీపం పనిచేస్తుంది.

మోటారు గరగరమంటోంది. లోపల గాలి చిక్కుకుంటే కాస్త వంచి ఊపితే పోతుంది. పోకపోతే సున్నమో ఇసుక రేణువో ఉంటుంది. చక్రం తీసి కడగండి. ఇరుసు విరిగి ఉంటే విడి భాగం దొరుకుతుంది, ఫిల్టర్ పారేయకండి.

ఫైటర్ చేప ఒక మూలకే నక్కుతోంది, రెక్కలు చిరుగుతున్నాయి. ప్రవాహం ఎక్కువైంది. నీరు వదిలే ముక్కును అద్దం వైపు తిప్పండి, లేదా దానికి చిన్న స్పాంజి ముక్క తొడగండి.

గప్పీ పిల్లలు మాయమవుతున్నాయి. కొన్నింటిని తల్లే తింటుంది. మిగతావి ఫిల్టర్ నోట్లోకి పోతాయి. నీరు లాగే గొట్టానికి గరుకు స్పాంజి తొడగండి, వారానికోసారి దాన్ని తీసి పిండండి.

చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ముందు సగం నీరు మార్చండి, గాలి పంపు పెట్టండి, ఆ తర్వాతే పరీక్ష. పరీక్షలో అమ్మోనియా కనిపిస్తే గత వారం ఏం కడిగారో గుర్తు తెచ్చుకోండి. ఏమీ కనిపించకపోతే నీటి వేడి చూడండి. 32 డిగ్రీలు దాటితే మూత తీసి, నీటి పైన గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టండి. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మట్టం కూడా రోజూ కాస్త దిగుతుంది, ఆర్‌ఓ నీళ్లు దగ్గర పెట్టుకోండి.